చైత్రం వేట: ఏది వదలాలి, ఏది నిలుపుకోవాలి?

చైత్రమాసం దగ్గర పడిందంటే మన ఊళ్లలో ఒకే ప్రశ్నకు రెండు జవాబులు వినిపిస్తాయి. ఇంట్లో తాత అంటాడు, "ఒరే, ఇటుకల పండక్కి వచ్చేయ్, వేటకు పోవాలి" అని. బడిలో పుస్తకం అంటుంది, అడవి జంతువులను చంపడం నేరమని. పిల్లవాడు లేచి నిలబడి అడుగుతాడు, "సార్, మా తాత తప్పా, పుస్తకం తప్పా?" మన ఉపాధ్యాయుల్లో చాలామంది "కూర్చో, పాఠం చూడు" అని దాటేస్తారు. అప్పుడు పిల్లవాడు నేర్చుకునేది ఒక్కటే. బడిలో ఒక మాట చెప్పాలి, ఊళ్లో ఇంకో పని చెయ్యాలి. ఆ రెండు నాలుకల చదువు కన్నా ప్రశ్నను ఎదుర్కోవడమే మంచిది.

ముందు వేట అంటే ఏమిటో గుర్తు చేసుకుందాం. పాడేరు, అరకు వైపు ఇటుకల పండుగలో, గోదావరి వైపు కోయ ఊళ్లలో భూమి పండుగలో వేట ఒక భాగం మాత్రమే. విత్తనాలకు పూజ చేస్తాం. వానలు పడకముందే, దుక్కి దున్నకముందే, నేలతల్లికి చెప్పుకుంటాం. మగవాళ్లు అడవికి పోతారు. ఆడవాళ్లు దారికి అడ్డంగా నిలబడి, వచ్చిపోయే వాళ్లను ఆపి, ఆడి పాడి డబ్బులు అడుగుతారు. వేటకు పోయినవాళ్లు వట్టి చేతులతో తిరిగొస్తే పేడనీళ్లు చల్లుతారు, ఎగతాళి పాటలు కడతారు. ఇది ఊరంతటి పండుగ. ఒక్క మనిషి తుపాకి పట్టుకుని పోయే పని కాదు.

అడవిలో గెడ్డ పక్కన పాక వేసుకుని రెండు మూడు రాత్రులు ఉండేవాళ్లు. తండ్రి, చిన్నాన్న, మేనమామ, బావమరుదులు, మొదటిసారి వచ్చిన కుర్రవాడు, కుక్కలు. పగలంతా కొందరు అరుస్తూ తోలుతుంటే కొందరు కాపు కాసేవాళ్లు. రాత్రి నెగడు చుట్టూ కూర్చుని ఏ గట్టు ఎవరి తాతది, ఏ చెట్టు కింద ఏ దేవత ఉంది, ఏ ఊరితో మనకు పెళ్లి సంబంధం కుదరదు, ఇవన్నీ చెప్పుకునేవాళ్లు. కుర్రవాడికి అదే బడి. దుప్పి దొరికితే ఊరికి మోసుకొచ్చి పోగులు వేసేవాళ్లు. అంబు వేసినవాడికి ఒక పోగు ఎక్కువ ఉండొచ్చు. కానీ వేటకు పోలేని ముసలివాడి ఇంటికీ, మగదిక్కు లేని ఇంటికీ పోగు తప్పేది కాదు.

ఇప్పుడు చట్టం సంగతి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. మొదట్లో కొన్ని జంతువులను లైసెన్సు తీసుకుని వేటాడే వీలుండేది. 1991 సవరణతో అదీ పోయింది. 2006 అటవీ హక్కుల చట్టం మన భూమి హక్కును, అటవీ ఫలసాయం హక్కును గుర్తించింది. తరతరాల ఇతర హక్కులనూ గుర్తించింది. అయితే వేటాడే హక్కు, ఉచ్చు పెట్టే హక్కు అందులోకి రావని అదే వాక్యంలో రాసింది. కాబట్టి "మాకు అటవీ హక్కు పత్రం ఉంది, వేటాడొచ్చు" అని ఎవరైనా యువకుడితో చెబితే అది అబద్ధం. ఆ అబద్ధం నమ్మినవాడు జైలుకు పోతాడు, చెప్పినవాడు కాదు.

ఇక్కడ మనకు కోపం వస్తుంది. రావాలి కూడా. అడవిని ఖాళీ చేసింది మన విల్లంబులు కావు. జమీందార్లూ, రాజులూ, ఇంగ్లీషు దొరలూ ఏనుగుల మీదా, మంచెల మీదా కూర్చుని సరదాకు కాల్చారు. చంపిన జంతువుల తలలూ కొమ్ములూ బంగళాల గోడలకు తగిలించుకున్నారు. మన దేశంలో చీతా జాతి అంతరించిందని 1952లో ప్రభుత్వమే ప్రకటించింది. మన గుడిసెల్లో మాత్రం ఏ జంతువు తలా గోడకు వేలాడలేదు. 1882 మద్రాసు అటవీ చట్టం అడవిని మన చేతుల్లోంచి తీసుకుంది. తరువాత పెద్ద చెట్లు రైలు పట్టాలకూ, పడవలకూ, కలప డిపోలకూ పోయాయి. అదంతా అయ్యాక మిగిలిన అడవిని కాపాడే బరువు మన మీద పెట్టారు. ఇది న్యాయం కాదు.

కానీ ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించాలి. అడవిని ఎవరు ఖాళీ చేశారు అన్నది ఒక ప్రశ్న. మిగిలిన నాలుగు దుప్పులను ఏం చెయ్యాలి అన్నది ఇంకో ప్రశ్న. మొదటి దానికి జవాబు మన వైపు ఉన్నంత మాత్రాన రెండో దానికి కూడా మన వైపే ఉండదు. ధాన్యపు గాదెను దొంగ ఖాళీ చేశాడనుకోండి. అడుగున నాలుగు కుంచాల విత్తనాలు మిగిలాయి. "దొంగ తిన్నాడు కాబట్టి నేనూ తింటాను" అని ఆ విత్తనాలు తినే రైతు మన ఊళ్లలో ఉంటాడా? ఉండడు. దొంగ మీద తగవు పెడతాడు, విత్తనం దాస్తాడు. రెండూ చేస్తాడు.

మరి మన పెద్దల వేట ఎందుకు తప్పు కాలేదు? "ఆచారం కాబట్టి" అనే జవాబు చాలదు. ఆ ఆచారంలో మూడు షరతులు ఉన్నాయి కాబట్టి తప్పు కాలేదు. మొదటిది అవసరం. ఏడాదిలో మాంసం నోటికి తగిలే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టేవి. రెండోది హద్దు. కాలినడకన పోయి, అంబుతో కొట్టి, భుజాల మీద మోసుకు రావాలి. మోయగలిగినంతే దొరికేది. చూలు ఉన్నదాన్నీ, పిల్ల వెంట ఉన్నదాన్నీ కొట్టొద్దని పెద్దలు చెప్పేవాళ్లు. మన వంశాల పేర్లలోనే హద్దు ఉంది. కిల్లో వారికి పులి, పాంగి వారికి గద్ద, గొల్లోరి వారికి కోతి. తన వంశపు ప్రాణిని తాను చంపడు. మూడోది పంపకం. దొరికింది ఊరిది, కొట్టినవాడిది కాదు.

ఈ మూడు షరతులతో ఈనాటి వేటను కొలిచి చూద్దాం. కొందరు పొలం గట్టు మీద కరెంటు తీగ లాగుతున్నారు. కొందరు పిండిలో నాటుబాంబు చుట్టి పెడుతున్నారు. ఎండాకాలం గెడ్డలు ఎండిపోయి, జంతువులన్నీ ఒకే చెలమకు దాహానికి వచ్చే చోట ఉచ్చులు పరుస్తున్నారు. తీగ ఎవరినీ చూడదు. చూలు దుప్పినీ చంపుతుంది, ఊరి ఆవునూ చంపుతుంది, తెల్లవారుజామున చేనుకు పోయే మన మనిషినీ చంపుతుంది. దొరికిన మాంసం ఊళ్లో పోగులు పడదు. సంచిలో కట్టుకుని రాత్రికి రాత్రే టౌనుకు పోతుంది. కొనేవాడు బయటివాడు, డబ్బు దళారీది, కేసు మన కుర్రవాడిది. ఇందులో అవసరం ఎక్కడుంది? హద్దు ఎక్కడుంది? పంపకం ఎక్కడుంది? మూడూ పోయాక పేరు ఒక్కటే మిగిలింది. దాన్ని మన ఆచారం అని పిలవడం మన పెద్దలను అవమానించడమే.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. రెండూ గట్టివే.

మొదటిది: "అయితే చంపడమే పాపమని మీరూ మైదానపు వాళ్లలాగా చెబుతున్నారా?" లేదు. ప్రాణం తీసి తినడం గురించి మనకు ఎవరూ సిగ్గు నేర్పనక్కరలేదు. కోసి, శుభ్రం చేసి, కవరులో పెట్టిన బాయిలర్ కోడిని కొనేవాడు ఆ ప్రాణాన్ని చూడడు. మనవాడు దుప్పి కళ్లు చూస్తాడు, అడవితల్లికి చెప్పుకుంటాడు, తరువాతే కోస్తాడు. తాత పాపం చేశాడని పిల్లవాడికి నేర్పే పాఠం తప్పుడు పాఠం. తాత చేసినది ఆ కాలానికి, ఆ అడవికి న్యాయం. అడవి మారింది. అదే న్యాయం ఇప్పుడు వేరే పని అడుగుతోంది.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది: "భూమి పోయింది, భాష పోతోంది, ఇప్పుడు వేట కూడా వదిలితే మనం ఆదివాసులం ఎలా అవుతాం?" ఈ భయం నిజమైనది. అందుకే ఎవరు వదలమంటున్నారు అన్నది ముఖ్యం. బీటు అధికారికి భయపడి వదిలితే అది ఓటమే. చాటుగా మళ్లీ మొదలవుతుంది, ఇంకా అధ్వాన్నంగా. ఊరంతా కూర్చుని, పెద్దలూ ఆడవాళ్లూ యువకులూ మాట్లాడుకుని మార్చుకుంటే అది మన నిర్ణయం. మన ఆచారాలను, సంప్రదాయాలను కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉందని 1996 పెసా చట్టం చెబుతోంది. అడవినీ, అడవి జంతువులనూ కాపాడే అధికారం గ్రామసభకు ఉందని అటవీ హక్కుల చట్టం 5వ సెక్షను చెబుతోంది. అంటే కాపలాదారు పదవి అటవీ శాఖ ఒక్కదానిదే కాదు, మనది కూడా. ఆ అధికారాన్ని వాడుకున్న ఊరు, అడవిపంది చేను తిన్నప్పుడు నష్టపరిహారం గట్టిగా అడగగలదు. టౌను నుంచి తుపాకులతో వచ్చేవాళ్లను నిలదీయగలదు. తీగ పెట్టినవాడు తానే అయితే ఆ నోరు లేవదు.

మార్పు మనకు కొత్త కాదు. పోడు కొట్టిన కొండల మీదే ఈ రోజు నీడచెట్ల కింద కాఫీ పండిస్తున్నాం. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాఫీ పెట్టినందుకు ఎవరూ ఆదివాసీ కాకుండా పోలేదు. ఏది మార్చాలో మనం ఎంచుకున్నాం, అంతే.

ఇక ఏది నిలుపుకోవాలి? వేటలో చంపడం ఒక్క క్షణం. మిగిలిన మూడు రోజులూ చదువే. ఆ చదువు పోకూడదు. మన పిల్లలు ఆశ్రమ పాఠశాలల్లో ఏడాదిలో ఎక్కువ రోజులు గోడల మధ్య ఉంటున్నారు. దుప్పి గిట్టకూ కణుజు గిట్టకూ తేడా చెప్పలేరు. పెంటిక నిన్నటిదా, మొన్నటిదా గుర్తుపట్టలేరు. గాలి ఎటు వీస్తోందో చూసి నడవడం తెలియదు. ఇది చట్టం వల్ల పోలేదు, అడవిలోకి పోకపోవడం వల్ల పోతోంది. కాబట్టి పండక్కి అడవికి పోదాం. తాతలతో, మామలతో పోదాం. పాక వేద్దాం, నెగడు వేద్దాం. జాడలు చదువుదాం. ఎక్కడ ఎన్ని జాడలు చూశామో కుర్రవాళ్లు నోటుబుక్కులో రాయాలి. ప్రతి జంతువు పేరూ కువిలో, ఆదివాసీ ఒరియాలో, కోయలో, ఎవరి ఇంటి భాషలో వాళ్లు రాయాలి. దారిలో కనిపించిన ఉచ్చులు విప్పుకుని రావాలి. ఈసారి ఆడపిల్లలను కూడా తీసుకుపోదాం. అడవిలోకి వంటచెరకుకూ అడ్డాకులకూ రోజూ పోయేది వాళ్లే. వాళ్లకు తెలిసినంత మగపిల్లలకు తెలియదు.

పంపకం కూడా నిలవాలి. దారిలో ఆడవాళ్లు పోగు చేసిన డబ్బుతో మేకను కొని, పాత లెక్క ప్రకారమే పోగులు వేద్దాం. ముసలివాళ్ల పోగు, ఒంటరి ఆడవాళ్ల పోగు ముందు తీద్దాం. మాంసం దుప్పిదా మేకదా అన్నదాని కన్నా ఏ ఇల్లూ వట్టిగా మిగలకపోవడమే ఆ రోజు ముఖ్యం.

పేడనీళ్ల సంగతి మిగిలింది. అది మన అక్కచెల్లెళ్ల చేతిలో ఉన్న తీర్పు. ఇన్నాళ్లూ వట్టి చేతులతో వచ్చినవాడి మీద పడింది. ఇకమీదట కరెంటు తీగ లాగినవాడి మీద, ఊరి పోగు ఎగ్గొట్టి టౌనుకు మాంసం అమ్ముకున్నవాడి మీద పడాలి. ఆ మాట ఆడవాళ్లు గ్రామసభలో చెప్పాలి, పాట వాళ్లే కట్టాలి.

ఉపాధ్యాయులుగా మన పని చిన్నదే. చైత్రానికి ముందే పెద్దలతో కలిసి గ్రామసభ పెట్టించాలి. చట్టంలో ఏముందో ఉన్నది ఉన్నట్టు ఇంటి భాషలో చెప్పాలి. ఊరు ఏం నిర్ణయించిందో తీర్మానం పుస్తకంలో రాయించాలి. తరువాత ఆ పిల్లవాడు మళ్లీ లేచి, "సార్, తాత తప్పా, పుస్తకం తప్పా?" అని అడిగితే, తాతనే బడికి పిలిచి పక్కన కూర్చోబెట్టి జవాబు చెప్పొచ్చు.