ఓటుతో కొన్న యుద్ధవిమానాలు

ఆయుధాలకు ఖర్చుపెట్టే ప్రతి కాసూ శ్రమజీవి నోటిముందు కూడును లాక్కోవడమేనని తరగతిలో ఎన్నోసార్లు చెప్పివున్నాను. ఒకనాడు ఓ విద్యార్థి లేచి, "స్విట్జర్లాండులో యుద్ధవిమానాలు కొనమని జనమే ఓటు వేశారు గదా మాస్టారూ! అక్కడ లాక్కున్నదెవరు?" అని అడిగాడు. పాలకవర్గపు ప్రచారానికి జనం మోసపోయారన్నాను. ఆ జవాబు నాకే రుచించలేదు. మనకు నచ్చిన ఓటును చైతన్యమనీ, నచ్చని ఓటును మోసమనీ పిలిచే హక్కు మనకెవరిచ్చారు?

స్విట్జర్లాండు చిన్న దేశం. చిన్న దేశమనగానే పీడిత దేశమని భ్రమపడరాదు. ప్రపంచపు ధనాన్ని బ్యాంకుల్లో దాచి పెట్టుకున్న దేశమది. ఐనా యుద్ధవిమానం దగ్గరకు వచ్చేసరికి దానికీ చిన్న దేశపు గతే పట్టింది. సొంతంగా పి-16 అనే విమానాన్ని తయారు చేసుకోబోయారు. 1958లో ఒక నమూనా సరస్సులో కూలింది, 100 విమానాల ఆర్డరు రద్దయింది. అప్పటినుంచీ కొనుగోలే శరణ్యం.

1961లో పార్లమెంటు 100 ఫ్రెంచి మిరాజ్ విమానాలకు 87 కోట్ల ఫ్రాంకులు మంజూరు చేసింది. తీరా వాటికి అమెరికా రాడారూ, క్షిపణులూ బిగించాలన్నారు నిపుణులు. 1964లో మరో 57 కోట్లకు పైగా కావాలని ప్రభుత్వం చేయి చాచింది. పార్లమెంటు విచారణ సంఘాన్ని వేసింది. 57 విమానాలతో సరిపెట్టింది. వైమానిక దళాధిపతి పదవి పోయింది. సైనికశాఖ మంత్రి పాల్ షోదే 1966లో తప్పుకున్నాడు. దీన్ని ప్రజాస్వామ్య విజయమని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ప్రజల్లో స్త్రీలు లేరన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు. జాతీయ ఎన్నికల్లో వారికి ఓటు వచ్చింది 1971లో.

తర్వాత ప్రశ్న నేరుగా జనం ముందుకే వచ్చింది. 1992లో అమెరికా ఎఫ్-18 విమానాలను ఆపాలని శాంతికాముకులు నెల రోజుల్లో సుమారు 5 లక్షల సంతకాలు సేకరించారు. 1993 ఓటింగులో ఓడిపోయారు; 34 విమానాలు వచ్చాయి. 2014 మే నెలలో 22 స్వీడన్ గ్రిపెన్ విమానాలకు 312 కోట్ల ఫ్రాంకులు అడిగితే, 53.4 శాతం మంది వద్దన్నారు.

ఆ ఓటింగుకు మూడు నెలల ముందు జరిగిన సంగతి వినదగ్గది. ఇథియోపియా విమానాన్ని దాని సహపైలటే దారి మళ్లించి, తెల్లవారుజామున జెనీవాలో దించాడు. వెంట వచ్చినవి ఇటలీ, ఫ్రాన్సు యుద్ధవిమానాలు. స్విస్ వైమానిక దళం రాలేదు. అప్పటికింకా ఆఫీసు వేళ కాలేదు! విమానాలు లేక కాదు, వాటిని వేళాపాళా లేకుండా ఎగరేసే ఏర్పాటు లేక. ప్రపంచం నవ్వింది. నేనూ నవ్వాను. పొద్దున్నే యుద్ధానికి లేవని సైన్యం కన్నా నాగరికమైన సైన్యం ఎక్కడుంటుందని తర్వాత అనిపించింది.

2020 సెప్టెంబరులో మళ్లీ అడిగారు. ఈసారి 600 కోట్ల ఫ్రాంకులు. 50.1 శాతం సరేనన్నారు; తేడా 9 వేల ఓట్లయినా లేదు.

ఇది నిపుణుల వ్యవహారం, సామాన్యుడికేం తెలుసుననే పెద్దమనుషులు అక్కడా వున్నారు, ఇక్కడా వున్నారు. తూము ఎలా కట్టాలో ఇంజనీరుకు తెలుసు. నీరు ముందు ఎవరి చేనుకు పారాలన్నది ఇంజనీరు తేల్చే ప్రశ్న కాదు. ఓటరుకు రాడారు సంగతి తెలియకపోవచ్చు. తన పన్ను బడికి పోవాలో విమానానికి పోవాలో చెప్పడానికి రాడారు తెలియనక్కరలేదు. కనుక కొనమన్న ఓటునూ నేను గౌరవించవలసిందే. ఇంతవరకూ విద్యార్థిదే గెలుపు.

అయితే 2020లో జనాన్ని అడిగినదేమిటి? డబ్బు ఇస్తారా అని అడిగారు. ఏ విమానమో చెప్పలేదు. ఫ్రాన్సుదా, అమెరికాదా, యూరపు దేశాల ఉమ్మడి విమానమా అన్నది తర్వాత తామే తేలుస్తామన్నారు. 2021 జూన్‌లో 36 అమెరికా ఎఫ్-35లని తేల్చారు. దాన్ని ఆపాలని లక్షకు పైగా సంతకాలు సమర్పిస్తే, వాటిమీద ఓటింగు జరగకముందే 2022 సెప్టెంబరులో ఒప్పందంమీద సంతకం పెట్టారు.

నా అభ్యంతరమంతా ఇక్కడే. యుద్ధవిమానం కుర్చీ కాదు, కొని ఇంట్లో వేసుకోవడానికి. దాని విడిభాగాలూ, ఆయుధాలూ, లోపలి కంప్యూటరు ప్రోగ్రాములూ ముప్ఫై ఏళ్లపాటు అమ్మినవాడి చేతిలోనే వుంటాయి. ఎవరి దగ్గర కొంటున్నామన్నది విమానమెంత వేగంగా పోతుందన్నట్టి సాంకేతిక ప్రశ్న కాదు. తటస్థ దేశానికి అది తన తటస్థతను గురించిన ప్రశ్నే. ఓటరు చెప్పగలిగిన సంగతిని వదిలేసి, సొమ్ముకు మాత్రం అనుమతి తీసుకున్నారు.

ఫలితం చూడండి. ధర మారదని పదేపదే హామీ ఇచ్చిన ప్రభుత్వానికి 2025లో అమెరికా, అది మీ అపార్థమని చెప్పింది. అదనపు ఖర్చు 65 కోట్ల నుంచి 130 కోట్ల దాకా కావచ్చని లెక్క తేలింది. అదే వేసవిలో స్విస్ సరుకులమీద 39 శాతం సుంకం పడింది. ఒప్పందం రద్దు చేయాలన్న కేకలు లేచినా ప్రభుత్వం కదలలేదు. కదలగలిగే స్థితిలో లేదు. చివరకు డిసెంబరులో 36 విమానాల మాట వదులుకుని, ఆ 600 కోట్లకు ఎన్ని వస్తే అన్నే కొంటామన్నారు. మిరాజ్ కథే మళ్లీ. ఈసారి ఎవరి పదవీ విమానాల లెక్కతో పోలేదు, అంతే తేడా.

ఇదంతా ఆ విద్యార్థికి చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. "ఆ 9 వేల ఓట్లు ఇటు పడివుంటే, అడిగిన తీరు తప్పని ఇంత చెప్పేవారా మాస్టారూ?" అన్నాడు.

చెప్పేవాణ్ణి కానని ఒప్పుకున్నాను.