బంతిని అందించుట

యోహాను సువార్త 3వ అధ్యాయములో బాప్తిస్మమిచ్చు యోహాను శిష్యులు తమ గురువునొద్దకు వచ్చి, జనులందరు యేసునొద్దకే పోవుచున్నారని చెప్పుకొందురు. ఆ మాటలో గురుభక్తి ఉన్నది, కొంచెము అసూయయు ఉన్నది. యోహాను మాత్రము పెండ్లికుమారుని స్నేహితునివలె సంతోషించెను. ఈ భాగమును చదువునప్పుడు మనకు అరణ్యమును యొర్దాను నదియు కన్నులయెదుట నిలుచును. ఈ నెల ఒక ఆటస్థలమును తలంచుదము.

హైదరాబాదులో 1909లో జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీం యౌవనమందు ఉస్మానియా విశ్వవిద్యాలయపు జట్టులో ఫుట్‌బాల్ ఆడెను. ఆయన ముస్లిము సోదరుడు. మంచి ఆటగాడైనను ఆయన బ్రతుకుతెరువు బడిపంతులు పని. కాచిగూడ మిడిల్ స్కూలులోను, మరి కొన్ని బడులలోను పాఠములు చెప్పెను. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది చాదర్‌ఘాట్ హైస్కూలు పిల్లల ఆటల బాధ్యత వహించెను. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆయన శిక్షణలో 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచెను. భారత జట్టుకు శిక్షకుడైన తరువాత కూడ పంతులు స్వభావము ఆయనను విడువలేదు.

బంతిని తన కాలియొద్దనే ఉంచుకొని ఒకని తరువాత ఒకనిని తప్పించుచు పరుగెత్తుట చూచువారికి ఎంతో ఇంపు. రహీం సాహెబు ఆ విద్యను నిషేధించి పోటీలు నడిపెను! బంతి అందుకొన్నవాడు దానిని మరియొకనికి అందింపవలసినదే. వాటములేని కాలితోనే తన్నవలెనను పోటీలు కూడ పెట్టెను. మేటి ఆటగాండ్రకు అది కొంత అవమానముగనే తోచియుండును. మన సంఘములలో ఏమి జరుగుచున్నది? బాగుగా పాడువాడే ప్రతి ఆదివారము పాడును, ధారాళముగా ప్రార్థించువాడే ప్రతి కూటములో ప్రార్థించును. నోరు తడబడు చిన్నవానికి బంతి ఎప్పుడు అందును?

సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో తులసీదాస్ బలరామ్ అను పేద బాలుడుండెను. అతని ఆట రహీం సాహెబు కంట పడెను. అభ్యాసమునకు హైదరాబాదు రావలెనన్న బాలునియొద్ద దారిఖర్చు లేదు. అద్దె సైకిలుకు పంతులే డబ్బు ఇచ్చెను. బలరామ్ 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో మరణించెను. దేశము మెచ్చిన ఆటగాడైన తరువాత కూడ ఆ సైకిలు అద్దె మాట మరువలేదు.

మన కొల్లాపూరు ప్రాంతమందు ఫుట్‌బాల్ అంతగా లేదు. కబడ్డీ, వాలీబాల్ మన ఆటలు. కృష్ణ ఒడ్డు పల్లెలలో, నల్లమల అంచు తండాలలో చురుకైన పిల్లలకు కొదువ లేదు. పోటీలకు ఎంపికయ్యును బూట్లు లేక, వెంట పంపుటకు పెద్దవారు లేక ఇంట నిలిచిపోయిన పిల్లలను మనము ఎరుగుదుము. వారిలో ఆడపిల్లలే ఎక్కువ. గుడి మైకుసెట్టుకు చందా వేసికొనుటలో మాత్రము మనము ఎన్నడును ఆలస్యము చేయలేదు.

1952లో హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10-1తో ఓడెను. మనవారిలో అనేకులు వట్టి కాళ్లతో ఆడిరి. పంతులు విసుగక మరల నేర్పెను. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో అదే శిక్షకుని జట్టు నాలుగవ స్థానమునకు వచ్చెను. 1962లో జకార్తా ఆసియా క్రీడలకు పోవునాటికి ఆయన ఊపిరితిత్తులలో క్యాన్సరు ముదిరియుండెను. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో ఓటమి కలిగెను. తలకు దెబ్బ తగిలి కుట్లు పడిన జర్నైల్ సింగు వెనుక కాపు కాయువాడు; అతనిని పంతులు ముందు వరుసలో నిలిపెను. సెప్టెంబరు 4న తుదియాట మరల దక్షిణ కొరియాతోనే. స్టేడియము నిండిన జనము మనకు వ్యతిరేకముగా కేకలు వేయుచుండెను. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగు ఒక గోలు చేయగా మనవారు 2-1తో గెలిచిరి. బలరాము ఆ జట్టులోనే యుండెను.

బంగారు పతకములు ఆటగాండ్ర మెడలో పడెను. మైదానపు అంచున నిలిచిన పంతులు తొమ్మిది నెలల తరువాత, 1963 జూన్ 11న, హైదరాబాదులో కన్నుమూసెను.