దీపం పెట్టు

మొన్న అర్ధరాత్రి దాటాక మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడు శంషాబాద్ విమానాశ్రయంలో సామాను తూచే కౌంటరు దగ్గర పనిచేస్తాడు. రాత్రి డ్యూటీలో కాస్త తెరిపి దొరికితే నాకు ఫోన్ చేయడం వాడికి అలవాటు. నాదీ నిద్ర పట్టని వయసు. ‘‘మామా, డ్రాప్ అన్నదానికి తెలుగుల ఏం మాట పెట్టాలె?’’ అన్నాడు.

వాడు ఏడాదిగా సొంతంగా ఒక కంప్యూటర్ ఆట రాసుకుంటున్నాడు. పాతకాలపు పద్ధతి. బొమ్మలుండవు, చప్పుళ్లుండవు, నల్లని తెర మీద వాక్యాలు మాత్రం వస్తాయి. నువ్వు అమ్మపల్లి రాములవారి గుడి కోనేటి మెట్ల మీద ఉన్నావు, పక్కన ఒక ప్రమిద ఉంది, అని తెర చెబుతుంది. ఆడేవాడు రెండు ముక్కల్లో ఆజ్ఞ టైపు చేయాలి. ప్రమిద తీసుకో. మెట్లు దిగు. ‘తీసుకో’ దగ్గర వాడికి ఏ ఇబ్బందీ రాలేదు. దాని ఎదురు మాట దగ్గర ఆగిపోయాడు.

ఆగడం సహజమే. ‘పడెయ్’ అంటే ఆ వస్తువంటే విసుగు పుట్టినట్టు. ‘వదిలెయ్’ అంటే మనసు ఇంకా దాని మీదే ఉన్నా బలవంతాన తెంచుకున్నట్టు. ‘విడువు’ పుస్తకాల్లోకి వెళ్లిపోయింది. ‘కింద పెట్టు’ అంటే కాసేపాగి మళ్లీ ఎత్తుకుంటాడని అర్థం. తీసుకోవడానికి ఒక్క మాట సరిపోయింది. చేతిలోది దించడానికి మాత్రం ఒక్కో మాట వెనక ఒక్కో మనసు కనిపిస్తోంది. ఆలోచించి చెబుతానన్నాను. అంతకు ముందు ఈ ఆటలన్నిటికీ పెద్దమ్మ లాంటి ఆటను చూడాలనిపించి, వాడి చేత ఇంట్లో కంప్యూటర్‌లో పెట్టించుకుని వారం రోజులు ఆడాను.

దాని పేరు కొలోసల్ కేవ్ అడ్వెంచర్. 1975, 76 ప్రాంతంలో అమెరికాలో విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్, పీడీపీ-10 అనే యంత్రం మీద ఫోర్ట్రాన్ భాషలో రాశాడు. ఇవాళ్టి ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌ను నిర్మించిన బృందంలో అతను ఒకడు. సెలవు దొరికితే కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహల్లోకి దిగేవాడు. భార్య పట్రీషియాకూ గుహలంటే ప్రాణం. ఫ్లింట్ రిడ్జ్ గుహలూ మామత్ గుహలూ లోలోపల కలిసే ఉన్నాయని 1972 సెప్టెంబరు 9న తేల్చిన బృందంలో ఆమె ఉంది. ఆ తర్వాత భార్యాభర్తలు విడిపోయారు. క్రౌథర్ గుహలకు వెళ్లడం తగ్గించి, దూరమైన కూతుళ్లు ఆడుకుంటారని తనకు తెలిసిన గుహను మాటల్లో కట్టాడు. ఏ కంపెనీ కోసమో, అమ్మకం కోసమో చేసింది కాదు. ఇల్లు చెదిరిన మనిషి పిల్లల కోసం ఒంటరిగా కూర్చుని కట్టుకున్నది. 1977లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థి డాన్ వుడ్స్ దాన్ని పెంచి పెద్దది చేశాడు. నేను ఆడింది ఆ రూపమే.

మొదట్లో కనపడిందల్లా ఏరుకున్నాను. తాళాలు, దీపం, తిండి, సీసా, పంజరం, నల్లని కర్ర. ఏడు వస్తువులు దాటితే ఇక మోయలేవని యంత్రం ఆపేసింది. విమానంలో చేత్తో తీసుకెళ్లే సంచి 7 కిలోలు దాటకూడదని మావాడు రోజూ ఎంతమందికి చెబుతాడో! పాపం, కౌంటరు ముందు నేల మీద కూర్చుని, పెట్టె తెరిచి, అమ్మ కట్టిచ్చిన పచ్చడి తీయాలా పుస్తకాలు తీయాలా అని తేల్చుకోలేక తల్లడిల్లే పిల్లల్ని చూస్తే వాడికి గుండె తరుక్కుపోతుందట.

గుహలో ఒక గదిలో పక్షి ఉంది. పట్టుకోబోతే బెదిరిపోతుంది. పంజరం ఉన్నా లాభం లేదు. రెండు రోజులు తిప్పలు పడ్డాను. తీరా చూస్తే అది నాకు బెదరడం లేదు, నా చేతిలో ఉన్న కర్రకు బెదురుతోంది. కర్ర దించాను, పక్షి చేతికి వచ్చింది. ముందుకు పోతే దారికి అడ్డంగా పెద్ద పాము. నేను గెలవలేని ఆ పామును తరిమింది ఈ పక్షే. కర్ర పట్టుకున్నంత సేపూ నన్ను రక్షించేదాన్ని నేనే బెదరగొట్టుకున్నాను.

ఇంకోచోట చిక్కుదారులు. ఏ గది చూసినా ఒక్కలాగే ఉంటుంది. ఎటు వచ్చామో ఎటు పోవాలో తెలియదు. అక్కడ గట్టెక్కడానికి ఒకటే ఉపాయం. మోసుకొచ్చిన సొత్తులో ఒక్కొక్కటి ఒక్కో గదిలో దించుకుంటూ పోవాలి. దించిన చోటు గుర్తుంటుంది, గుర్తున్న చోటు దారవుతుంది. అన్నీ చంకన పెట్టుకుని తిరిగేవాడికి ప్రతి గదీ మొదటి గదే. జన్మజన్మలుగా తిరుగుతున్నాం అంటారు పెద్దలు. ఆ మాట ఎన్నోసార్లు చదివాను గానీ, ఒక్కలాంటి గదుల్లో అర్ధరాత్రి దాకా తిరిగితే తప్ప దాని అలసట నాకు తెలియలేదు.

ఈ దించడం గురించి ఆలోచిస్తుంటే రామానుజులు గుర్తొచ్చారు. మా ఊరి నుంచి చూస్తే ముచ్చింతల్ ఎంతో దూరం కాదు. 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కరించిన 216 అడుగుల విగ్రహంలో రామానుజులవారు అక్కడ చేతులు జోడించి కూర్చుని ఉన్నారు. ఆయన శ్రీవైష్ణవ సంప్రదాయంలో శరణాగతికి ఉన్న ఇంకో పేరు న్యాసం. న్యాసం అంటే దించి పెట్టడం. భరన్యాసం అంటే మోస్తున్న బరువును, నన్ను నేనే రక్షించుకోవాలన్న బరువును, స్వామి పాదాల దగ్గర దించడం. ఈ విషయంలో ఆ సంప్రదాయం తర్వాత రెండు పాయలైంది. జీవుడు కోతిపిల్లలా తల్లిని పట్టుకోవాలని ఒకరు, పిల్లికూనలా ఊరుకుంటే తల్లే నోట కరుచుకు పోతుందని ఇంకొకరు. నాకు తోచేది ఏమిటంటే, కోతిపిల్ల తల్లి పొట్టను పట్టుకోవాలన్నా ముందు చేతిలోని జామకాయ జారవిడవాలి కదా! దించడం దగ్గర ఇద్దరూ ఒకటే.

ఆటలో ఒక మాయమాట కూడా ఉంది. గుహ గోడ మీద రాసి ఉంటుంది. ఆ మాట టైపు చేస్తే గుహలోంచి ఒక్క క్షణంలో బయట ఇంట్లో తేలతాం. కానీ పలకాల్సిన చోట నిలబడి పలకాలి. మరో గదిలో అదే మాట ఎంత గట్టిగా చెప్పినా ఏమీ జరగదు. మంత్రం మీద ఇంతకంటే సూటి వ్యాఖ్యానం నేను వినలేదు. మంత్రమంటే ఇంకో సంగతీ గుర్తొస్తుంది. పద్దెనిమిది సార్లు తిప్పించుకుని గోష్ఠీపూర్ణులు ఉపదేశించిన మంత్రాన్ని రామానుజులు గుడి గోపురమెక్కి అందరికీ వినిపించారని సంప్రదాయ కథ. గురువు ఇచ్చిన రహస్యాన్ని కూడా ఆయన తనకోసం దాచుకోలేదు. వుడ్స్ ఆటను పెంచుతానని అడిగినప్పుడు క్రౌథర్ తన ప్రోగ్రాం మొత్తం ఇచ్చేశాడు. అక్కడి నుంచి అది యంత్రం నుంచి యంత్రానికి ఉచితంగా పాకింది. ఈ రెంటినీ నేను సమానం చేయడం లేదు. చెయ్యి తెరుచుకున్న తీరు మాత్రం గుర్తుపట్టాను.

ఇక అసలు చోటు. గుహ లోలోపల ఒక సన్నని సొరంగం ఉంది. దూరబోతే, నీ దగ్గరున్నదేదో పట్టడం లేదు అంటుంది యంత్రం. పంజరం దించాను, పట్టలేదు. తిండి, నీళ్లు దించాను, పట్టలేదు. చేతిలో దీపం ఒక్కటే మిగిలింది. చీకట్లో అడుగేస్తే గోతిలో పడి చావడమేనని అప్పటికే రెండుసార్లు తెలిసొచ్చింది. పైగా దీపానికి లెక్క ఉంది. 330 ఆజ్ఞలకు మించి వెలగదు. ఆ లెక్క చూసుకుంటూ వారమంతా దాన్ని ప్రాణంలా కాపాడుకున్నాను. ఇప్పుడు దాన్నే దించమంటోంది. కాసేపు కుర్చీలోంచి లేచి వరండాలో తిరిగాను. ఆకాశంలో ఏదో విమానం దిగుతోంది. వచ్చి కూర్చుని, దీపం దించి, ఉత్త చేతులతో సొరంగంలోకి దూరాను.

అవతలి గదిలో వెలుతురుంది. పచ్చని వెలుతురు. ఎక్కడి నుంచి వస్తోందో ఆట చెప్పదు. అక్కడొక మరకతం ఉంది. తిరిగి వచ్చేటప్పుడు ఆ సొరంగంలో పట్టేది అదొక్కటే.

బృహదారణ్యకంలో జనకుడు యాజ్ఞవల్క్యుణ్ని అడుగుతాడు, మనిషికి వెలుగు ఏదని. సూర్యుడంటాడు ఋషి. సూర్యుడు అస్తమిస్తే? చంద్రుడు. చంద్రుడూ లేకపోతే? అగ్ని. అదీ చల్లారితే? మాట. మాటా ఆగిపోతే? అప్పుడు ఆత్మే వెలుగు అంటాడు. నేను నలభై ఏళ్లు పాఠం చెప్పిన ఘట్టమిది. ఒక్కొక్క దీపం తీసేస్తూ పోవడం తర్కంలో ఒక మెట్టు అనుకున్నాను ఇన్నాళ్లూ. జనకుడు ప్రతిసారీ చేతిలోది ఒకటి దించుతున్నాడని, దించడానికి భయపడుతూనే అడుగుతున్నాడని ఇప్పుడు అనిపిస్తోంది. శ్రీవైష్ణవులు ఆకించన్యం అనే స్థితి ఇదే. నా దగ్గర ఇంకేమీ లేదు అని చెప్పగలిగే స్థితి. ఇరుకు దారులకు అదొక్కటే సరిపోయే కొలత.

మేనల్లుడికి ఫోన్ చేసి, డ్రాప్‌కు ‘పెట్టు’ అని రాయమన్నాను. అన్నం పెట్టు, దండం పెట్టు, నైవేద్యం పెట్టు. మన భాషలో దించడమూ ఇవ్వడమూ ఆ మాటలో కలిసే ఉన్నాయి. వాడు సంబరపడ్డాడు. అరగంటకు మళ్లీ ఫోన్.

‘‘మామా, కష్టమొచ్చింది. ‘దీపం పెట్టు’ అని టైపు చేస్తే నా ప్రోగ్రాంకు సమజైతలేదు. వెలిగియ్యాల్నా, కింద పెట్టాల్నా?’’

‘‘సంధ్యవేళ మీ అమ్మ తులసికోట దగ్గర ఏం చేస్తుందో చూశావు కదరా’’ అన్నాను. ‘‘వెలిగిస్తుంది. కింద పెడుతుంది. రెండడుగులు వెనక్కి వేస్తుంది. అట్లనే రాయి.’’