లెక్కలో లేనివారు



ప్రవక్తయైన యిర్మీయా తన జనులమీద మోపిన నేరములలో ఒకటి చిత్రమైనది. పక్షులు తమ రాకపోకల వేళ తప్పవు గాని, దేవుని ప్రజలు దేవుని విధిని ఎరుగకున్నారని అతడు దుఃఖపడెను (యిర్మీయా 8:7). మన తెలుగు బైబిలులో అచ్చట సంకుబుడి కొంగ, మంగలకత్తిపిట్ట అను పేర్లు కనబడును. ఈ వచనముమీద నేను ముప్పది యేండ్లుగా ప్రసంగించుచున్నాను. అయితే ఆ పక్షులను నిలిచి చూచినది మాత్రము గత సంవత్సరమే.

వానకాలపు చివర నాకు గుండెజబ్బు చేసెను. మూడు నెలలు పని మానవలెననియు, దినదినము సమమైన నేలమీద నడువవలెననియు డాక్టరుగారు చెప్పిరి. కాబట్టి నల్లరేగడి చేల నడుమనున్న మా గ్రామమును ఉపదేశిగారికి అప్పగించి, బాపట్ల దాపున సూర్యలంక తీరమునకు దగ్గరనున్న మా అక్కయింటికి పోతిని. మనము గుంటూరు జిల్లా అని పిలుచుచు వచ్చిన ఆ తీరము 2022 నుండి బాపట్ల జిల్లాలో చేరినది. సెప్టెంబరు మొదలుకొని నవంబరు నెలాఖరు వరకు నేనును, మా అక్క మనవడును ప్రతి ఉదయము ఇసుకమీద నడిచితిమి. పదేండ్ల ఆ పిల్లవాని చేతిలో ఒక నోటుపుస్తకము. మేము చూచిన పక్షులను అందులో వ్రాయుట మా పని.

మొదటి వారములో అన్నియు నాకు ఒక్కటే పిట్టగా కనబడెను. తరువాత కన్ను తెరువబడెను. అల వెనుకకు పోగానే తడి ఇసుకమీద పరుగెత్తి, అల రాగానే తిరిగి పరుగెత్తివచ్చు చిన్న ఉల్లంకి పిట్టలు వేరు. వంగిన పొడుగు ముక్కుతో బురదను పొడుచునవి వేరు. ఈ రెండవవి ఉత్తర ధ్రువము దాపున సైబీరియా మంచునేలలో గ్రుడ్లు పెట్టి, అచ్చట చలి ముదరకముందే మన తీరములకు దిగివచ్చును. తమిళనాడులోని కోడిక్కరై తీరమున, 1883లో స్థాపింపబడిన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీవారు ఇట్టి పక్షుల కాళ్లకు చిన్న ఉంగరములు తొడిగి, అవి ఎక్కడనుండి ఎక్కడికి పోవుచున్నవో తెలిసికొనుచు వచ్చిరి.

నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరచిన సంగతి మరియొకటి. ఈ తీరపు పక్షులలో అనేక జాతులయందు తల్లిదండ్రులు ముందుగా బయలుదేరిపోవును. ఆ యేడు పుట్టిన పిల్లలు దారి చూపువారు లేకయే తరువాత వచ్చును. 2022 అక్టోబరులో ఇట్టి పిల్లపక్షి యొకటి, సుమారు అయిదు నెలల వయస్సుగలది, అలాస్కానుండి బయలుదేరి ఎక్కడను వాలకుండ పదకొండు దినములలో 13,500 కిలోమీటర్లకు పైగా ఎగిరి ఆస్ట్రేలియాలోని తాస్మానియాకు చేరెను. దాని వీపుమీద అమర్చిన చిన్న యంత్రము వలన ఈ సంగతి తెలిసెను. డేగ ఎవరి జ్ఞానముచేత దక్షిణపు దిక్కునకు రెక్కలు చాచునని దేవుడు యోబును అడిగిన ప్రశ్న (యోబు 39:26) ఇప్పటికిని నిలిచియేయున్నది.

మెట్టగ్రామములవారైన మీరును ఈ అతిథులను చూడనివారు కారు. చలికాలపు ఉదయమున కరెంటు తీగలమీద వరుసగా కూర్చుండు మంగలకత్తిపిట్టలను చూచియుందురు. జొన్నకంకులమీద మబ్బువలె వ్రాలు గులాబిరంగు గోరువంకలను వడిసెలతో తోలియుందురు. అవి మధ్య ఆసియానుండి వచ్చునవి. మంద వెంబడి తిరుగు అలవాటును బట్టి, కాపరి అను అర్థమిచ్చు ‘రోజీ పాస్టర్’ అను పేరు ఆంగ్లములో వాటికి పూర్వము ఉండెను. ఆ సంగతి విని మా అక్క మనవడు నన్ను చూచి చాలసేపు నవ్వెను. అతని నవ్వులో ఎంత సత్యమున్నదో తరువాత నాకు తెలిసెను.

అక్టోబరులో వాయుగుండము పట్టి రెండు దినములు వాన విడువలేదు. మేము గడప దాటలేదు. మూడవ దినము నోటుపుస్తకము తెరచినప్పుడు ఆ రెండు వరుసలు ఖాళీగా నుండుట చూచి నా మనస్సు ఒప్పలేదు. అంతకుముందటి దినపు అంకెలనే కొంచెము మార్చి వ్రాసితిని. పిల్లవాడు చూచి, “తాతయ్యా, మొన్న మనం వెళ్లలేదుగా! ముప్ఫై ఒకటి ఎట్లా వచ్చినయ్?” అని అడిగెను. ఉండియుండునులే అని నేనంటిని. “ఉండొచ్చు. కానీ మనం చూళ్లేదుగా,” అని వాడనెను.

నేను సిగ్గుపడి ఆ రెండు వరుసలు కొట్టివేసితిని. ఎవరికిని నష్టములేని అబద్ధమే. అయితే దానిని నేనెందుకు ఆడితిని? పక్షుల నిమిత్తము కాదు. వాటికి నా పుస్తకముతో పనిలేదు. నా పుస్తకము నిండుగా కనబడవలెనని, తిరిగి వెళ్లినప్పుడు సంఘపెద్దలకు చూపవలెనని. నేను లెక్కించుచున్నది పక్షులను కాదు, నా శ్రద్ధను.

ఆగమనకాలపు మొదటి ఆదివారమునకు ముందు నేను మా గ్రామమునకు తిరిగివచ్చితిని. పరామర్శకు వచ్చినవారికందరికి పుస్తకము చూపి, ఏది సైబీరియాది, ఏది మధ్య ఆసియాది అని వివరించితిని. మా సంఘములో కూలికి పోయి బ్రదుకు ఒక వృద్ధ విధవరాలు అంతయు ఓపికగా విని ఇట్లనెను:

“పిట్టల లెక్క బాగానే ఉందయ్యగారూ. మరి మన వాగు గట్టున పట్టాలు కప్పుకొని ఉంటన్నారే ఆదోని వైపు వాళ్లు, పత్తి తీయటానికి వచ్చినోళ్లు, వాళ్లెంతమందో రాశారా? వాళ్లల్లో కూడా మన విశ్వాసులున్నారండీ. ఆదివారం పొద్దున్నే గుడి బయట చింతచెట్టు కింద కూచుని, పాటలు విని పోతారు.”

“లోపలికి ఎందుకు రారు?” అని అడిగితిని.

“మాసిన బట్టలు గదండీ. రమ్మన్నవాళ్లూ లేరు.”

నాకు నోట మాట రాలేదు. ఏలయనగా నేను వారిని చూచియున్నాను. ఒక యేడు కాదు, పది పన్నెండు యేండ్లు చూచియున్నాను. చింతచెట్టు క్రింద బస్సుకొరకు కాచుకొనియున్నవారని అనుకొంటిని. నిజము చెప్పవలెనన్న, అది కూడ అనుకొనలేదు. కాళ్ల రంగును బట్టి పక్షి జాతిని చెప్పగలవాడనైతిని గాని, నా గుడి నీడను కూర్చున్నవారిలో ఒక్కని పేరు ఎరుగను.

ఆ సాయంకాలమే నోటుపుస్తకము చంకబెట్టుకొని వాగు గట్టునకు పోతిని. పొయ్యిమీద జొన్నసంకటి ఉడుకుచుండెను. పుస్తకము చూడగానే ఒకాయన లేచి, “ఓట్లకా సామీ? మావి ఈడ లేవు,” అనెను. కాదంటిని. “మరి మమ్మల్నేం రాసుకుంటారు? మేస్త్రి పుస్తకంలో ఉండాం కదా. మనిషికి ఇన్ని కిలోలని రాస్తాడు,” అనెను.

ప్రియులారా, ఈ మాట నాకు ప్రసంగము చేసెను. వారు లెక్కలో లేనివారు కారు. లెక్కలో ఉన్నారు, కిలోల రూపమున.

ఇచ్చట ఒక ప్రశ్న ఆలోచింపవలెను. లెక్కించుట మంచిదా, చెడ్డదా? దావీదు ఇశ్రాయేలీయులను లెక్కింపజేసి పాపము చేసెనని 2 సమూయేలు 24వ అధ్యాయమున చదువుచున్నాము. అదే గ్రంథములో, అదే దేవుడు, మన తలవెండ్రుకలను లెక్కించియున్నాడని ప్రభువు చెప్పుట వినుచున్నాము (లూకా 12:7). రాజునకు పాపమైనది తండ్రికి ప్రేమ యెట్లాయెను?

నాకు తోచినది ఇది. దావీదు తనకెంత బలగమున్నదో తెలిసికొనుటకు లెక్కించెను. గొఱ్ఱెలకాపరి ఏది తప్పిపోయినదో తెలిసికొనుటకు లెక్కించెను. మొదటి లెక్కలో మొత్తము ముఖ్యము. తొంబదితొమ్మిది వచ్చినయెడల రాజు తృప్తిపడును. రెండవ లెక్కలో కొరత ముఖ్యము. తొంబదితొమ్మిది వచ్చినయెడల కాపరికి నిద్ర పట్టదు. మొదటి లెక్క ముగియగానే పుస్తకము మూయబడును. రెండవ లెక్క ముగియగానే కాపరి లేచి నడువవలెను. వానదినమున నేను వ్రాసిన అంకెలు దావీదు లెక్కలోనివి. మేస్త్రి కిలోలును అట్టివే. మన సంఘ రిజిస్టరు ఏ జాతిలోనిదో మనమే పరీక్షించుకొందము.

అట్లయిన పక్షులను చూచుట వ్యర్థమా? కాదు. ఆకాశపక్షులను చూడుడని ప్రభువే సెలవిచ్చెను (మత్తయి 6:26). సరియైన లెక్క మనుష్యుని ఊరకుండనియ్యదు. దీనికి మన దేశములోనే సాక్ష్యమున్నది. అమూరు డేగలను చిన్న పక్షులు సైబీరియా, ఉత్తర చైనా ప్రాంతములనుండి బయలుదేరి, నాగాలాండులో ఆగి, మన ద్వీపకల్పమును అరేబియా సముద్రమును దాటి ఆఫ్రికాకు పోవును. 2012లో నాగాలాండులోని దోయాంగు జలాశయమువద్ద అవి వేలాదిగా వలలలో చిక్కి చంపబడుచున్నవని కొందరు చూచి, లెక్కకట్టి, లోకమునకు తెలిపిరి. అచ్చటివారిలో అధిక సంఖ్యాకులు మనవలెనే క్రైస్తవులు. వారు తమ తప్పు ఒప్పుకొని, మరుసటి యేడు 2013లో వలలు తీసివేసిరి. పాంగ్తి గ్రామము ఇప్పుడు ఆ పక్షులను కాపాడు గ్రామముగా పేరుపొందినది. మన యింటి దగ్గర, పెదకాకాని మండలములోని ఉప్పలపాడును చూడుడి. ఊరి చెరువులలో ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను పెంచుచున్నవి. ఆ గ్రామస్థులు వాటిని కొట్టక, తోలక, తమ ఇంటివానివలె కాపాడుచున్నారు. కొంగకు చోటియ్యగల గుంటూరు సీమ, ప్రత్తి తీయువానికి గుడిలో చాపమీద చోటియ్యలేదా?

అయితే ఒక మాట జాగ్రత్తగా చెప్పవలెను. పక్షులు వలస పోవును గనుక మనుష్యులును పోవుదురు, అది సహజమే అని ఎవడును తన మనస్సాక్షిని జోకొట్టుకొనకూడదు. పక్షిని దేవుడు అట్లు చేసెను. అది తన స్వభావమును నెరవేర్చుచున్నది. ఆ కూలివాని స్వభావములో వలస లేదు. అతనికి చేనున్నది, చేనికి నీళ్లు లేవు. ఇల్లున్నది, ఇంటిమీద అప్పున్నది. గట్టున నేను చూచిన తొమ్మిదేండ్ల బాలిక తన తమ్ముని చంకనెత్తుకొని నిలిచియుండెను. నాలుగవ తరగతి చదువుచుండగా తీసికొనివచ్చిరట. పుస్తకములు ఊళ్లోనే ఉన్నవట. పక్షిపిల్ల దారి ఎరుగకపోయినను సరియైన చోటికే చేరుచున్నది. ఈ పిల్ల తల్లిదండ్రులతోనే వచ్చినను ఉండవలసిన చోటికి దూరమగుచున్నది. మొదటిది సృష్టికర్త జ్ఞానము. రెండవది మన పాపము, మన అజాగ్రత్త.

ఆ రాత్రి నేను పుస్తకము మూసి, వారితో కూర్చుండి, ఒక్కొక్కరి పేరు అడిగితిని. ఇరువదిముగ్గురు. మరుసటి ఆదివారము వారిలో తొమ్మిదిమంది లోపలికి వచ్చిరి. సంఘములో అందరును సంతోషించిరని వ్రాసినయెడల అది మరియొక వానదినపు లెక్క యగును. “వీళ్లు నాలుగు నెలలుండి పోయేవాళ్లే గదా అయ్యగారూ,” అని ఒక పెద్ద నాతో మెల్లగా అనెను. తీరమునకు వచ్చు పక్షులును వేసవికి ముందు పోవునవే. తీరము అందుచేత వాటిని వద్దనలేదు అని చెప్పితిని. ఆయన మారుమాటాడక, తరువాతి ఆదివారము ఒక క్రొత్త చాప తెచ్చి పరచెను.

ఉపదేశిగారు సాయంకాలములు పిల్లలకు చదువు చెప్ప మొదలిడిరి. ఆ బాలిక నాలుగు సాయంకాలములు వచ్చెను. అయిదవనాడు రాలేదు. నేను పోయి చూచునప్పటికి గట్టున పట్టాలు లేవు, ఆరిన పొయ్యి రాళ్లు మాత్రమే ఉండెను. ప్రత్తి అయిపోగా మేస్త్రి ఒక ముఠాను వేరొక ఊరి చేలకు తీసికొనిపోయెనట. ఏ ఊరో మా గ్రామములో ఎవరికిని తెలియదు.

ఆ దినము నా పుస్తకములో ఆమె పేరు ఎదుట వరుసను ఖాళీగా విడిచితిని. దానిని నింపుటకు నాకిప్పుడు తొందరలేదు గాని, దానిని మూయుటకును మనస్సు రాలేదు. మిరపకోతల కాలమున చుట్టుప్రక్కల ఊళ్ల కాపరులనడిగి వెదకుచున్నాను. ఇది చదువు మీలో ఎవరి ఊరి చేలగట్టున, ఎవరి కల్లము ప్రక్కన ఆమె యున్నదో నేనెరుగను. అందుచేతనే ఈ వ్యాసము వ్రాసితిని. వచ్చు ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, మీ గుడి బయటనున్న చెట్టు క్రిందికి ఒకసారి పోయి చూడుడి. అంకెలు వద్దు, పేర్లు అడుగుడి.

ఒక పిచ్చుకనైనను మరువని తండ్రి, తన లెక్కలో ఉండి మన లెక్కలో లేనివారిని చూచు కన్నులను, చూచిన తరువాత లేచి నడుచు కాళ్లను మనకు దయచేయును గాక. ఆమేన్.