అమ్మ మాట ఏది? నిన్నటిదా, నేటిదా?



పెద్దలను తలచుకునే ఈ పండుగ రోజుల్లో, అమెరికాలో మన కుటుంబాలకు ఎదురయ్యే ఒక ధర్మసందేహాన్ని ఆలోచిద్దాం. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి మాంసం ముట్టని తల్లి. డిమెన్షియా ముదిరి నర్సింగ్ హోమ్‌లో ఉన్నారు. పక్కవారి ప్లేటులో చికెన్ చూసి, "నాకూ పెట్టండి" అని ఆశగా అడుగుతారు. పెట్టాలా, వద్దా?

ఇది మన ఇళ్ళకే పరిమితమైన ప్రశ్న కాదు. విశ్వవిద్యాలయాల్లోని తత్త్వవేత్తలు దీని మీద ముప్ఫై ఏళ్ళకు పైగా వాదించుకుంటున్నారు. 1993లో రొనాల్డ్ డ్వార్కిన్ తన 'లైఫ్స్ డొమినియన్' గ్రంథంలో మార్గో అనే అల్జీమర్స్ రోగి గురించి రాశారు. జ్ఞాపకాలు పోయినా ఆమె హాయిగానే కాలక్షేపం చేసేది. జబ్బు రాకముందు ఆమె "ఆ స్థితిలో నాకు వైద్యం వద్దు" అని రాసిపెట్టి ఉంటే? ఆ రాతనే మన్నించాలన్నారు డ్వార్కిన్. రుచులు, సుఖాలు ఆ పూటకు చెందినవి. 'నేను ఇలా బ్రతకాలి' అన్న నిశ్చయం జీవితమంతటికీ చెందినదని ఆయన వాదం.

1995లో రెబెక్కా డ్రెసర్ దీన్ని ఖండించారు. తనకు గుర్తే లేని పాత నిర్ణయం కోసం, ఎదురుగా ఉన్న మనిషి సుఖదుఃఖాలను కాదనడం న్యాయమా అని అడిగారు.

ఈ వాదం వెనుక మరో పాత ప్రశ్న ఉంది. మనిషి నిన్నా నేడూ ఒక్కరే అనడానికి ఆధారం జ్ఞాపకమేనని 1694లో జాన్ లాక్ రాశారు. ఆ లెక్కన అన్నీ మరచిన అమ్మ మరో మనిషి అవుతుంది. అద్వైతం ఇందుకు ఒప్పుకోదు. గాఢనిద్రలో ఏ తలపూ లేకపోయినా, లేచాక "హాయిగా నిద్రపోయాను" అంటున్నాం కదా! తలపులు వచ్చిపోయినా సాక్షి ఒక్కటే. అయితే ఆ సాక్షికి ఆకలీ లేదు, ఆచారమూ లేదు. కనుక ఆమె కంచంలో ఏం వడ్డించాలన్నది వ్యవహారంలో మనమే తేల్చుకోవాలి.

నాకు తోచినది ఇది. అమ్మ నియమం అమ్మ కట్టుకున్నదే; ఆమె మరచినా మనం గుర్తుంచుకోవడం ఆమెకు చేసే గౌరవం. ముందుగా ఆమెకు ఇష్టమైన పప్పు, పులిహోర పక్కన కూర్చుని తినిపించి చూడాలి. బహుశా ఆమె అడిగేది అందరితో కలిసి తినడమేమో! అయినా కన్నీళ్ళు పెట్టుకుంటే, పస్తుంటే, అక్కడ ఆగాలి. తెలియక తిన్న ముద్ద ఆమె జీవితకాలపు నిష్ఠను చెరపలేదు. పాత నియమం మనం ఏం పెట్టాలో చెబుతుంది. నేటి బాధ ఎక్కడ పట్టు విడవాలో చెబుతుంది. 'నలుగురూ ఏమనుకుంటారో' అన్న భయానికి మాత్రం ఇందులో చోటు లేదు.

హెల్త్ కేర్ ప్రాక్సీ కాగితాల్లో సాధారణంగా వైద్యం గురించే రాస్తాం. ఈ పండుగకు అందరూ కలిసినప్పుడు భోజనం, పూజ, భాష గురించి కూడా పెద్దవాళ్ళను అడగండి. "ఒకవేళ నేను మరచిపోతే..." అని మీ పిల్లలకు మీరూ చెప్పండి. ఆనాడు వారి భారం కొంత తగ్గుతుంది.