పంట విత్తుదా, చేనుదా?

విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లి దాటాక వచ్చే కట్టంగూర్ చుట్టుపక్కల చెల్కల్లో మృగశిర కార్తె దగ్గరపడిందంటే ఎక్కడ విన్నా పత్తి గింజల మాటే. 2005లో 450 గ్రాముల బీటీ ప్యాకెట్ 1,850 రూపాయలు. అందులో 1,250 దాకా, గింజలోకి ఎక్కించిన ఒక బాక్టీరియా జన్యువు కోసం కట్టే రుసుమే. ఆ డబ్బు మహికో మోన్‌శాంటో బయోటెక్‌కు పోయేది. ఆ కంపెనీలో అప్పట్లో సగం మహారాష్ట్రకు చెందిన మహికోది, సగం అమెరికా మోన్‌శాంటోది.

తగవు కొత్తదే గానీ ధర్మసందేహం పాతది. ఫలం విత్తు వేసినవాడిదా, చేను ఉన్నవాడిదా అని మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం తర్కిస్తుంది. అక్కడ చేనంటే భార్య, ఫలమంటే సంతానం. ఆడదాన్ని చేను కింద జమకట్టిన ఆ పోలికను ఇవాళ ఎవరూ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. సేద్యం సంగతిగా చదివితే మాత్రం తీర్పు సూటిగా ఉంటుంది. ఒప్పందం లేకపోతే పంట చేనుగలవాడిదే. ముందే మాట అనుకుంటే ఇద్దరికీ వాటా. వరదకో గాలికో కొట్టుకొచ్చి మొలిచినా చేనువాడిదే.

కెనడా సుప్రీంకోర్టు ఇలా అనుకోలేదు. పెర్సీ ష్మైజర్ అనే రైతు పొలంలో మోన్‌శాంటో జన్యువున్న కనోలా మొలిచింది. అది ఎలా వచ్చిందన్నది పక్కనపెట్టి, తెలిసీ ఆ విత్తనం దాచి మళ్లీ నాటాడు గనక పేటెంటు ఉల్లంఘించినట్టేనని 2004లో అయిదుగురు జడ్జీలు తేల్చారు. నలుగురు విభేదించారు. ష్మైజర్ పరిహారం మాత్రం కట్టనక్కర్లేదని కోర్టు అంది.

మన దగ్గర బీటీ పత్తిలో మొదటి రకమైన బోల్‌గార్డ్‌కు అసలు పేటెంటే లేదు. వసూలంతా లైసెన్సు ఒప్పందాల మీదే, అంటే మనువు చెప్పిన రెండో దారిలోనే నడిచింది. కాకపోతే ఒప్పందం కుదిరింది కంపెనీకీ కంపెనీకీ మధ్య, చేను రైతుది.

2006లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఈ రుసుము మీద గుత్తాధిపత్య వ్యాపారాల కమిషన్ తలుపు తట్టింది. చైనాలో ఇంతకంటే చాలా తక్కువ తీసుకుంటున్నారని వాదించింది. రుసుము తగ్గించమని కమిషన్ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది, రాష్ట్రం ప్యాకెట్ ధరను 750కి దించింది. హైదరాబాద్‌కు విదేశీ పెట్టుబడి రప్పించడంలో ముందటి సర్కారుకు ఏమాత్రం తీసిపోని సర్కారు ఇది! ఇందులో వింతేమీ లేదు. ఐటీ కంపెనీ వస్తే భూమి ఇవ్వాలి, పత్తి రైతు ఓటేస్తే గింజ చవకగా ఇవ్వాలి. రెండూ ఒకే బల్ల మీది ఫైళ్లు.

ఆ రైతు వెనక ఇంకో వర్గమూ ఉంది. రుసుము వసూలు చేసి మహికో మోన్‌శాంటోకు కట్టాల్సిన దేశీ విత్తన కంపెనీలకు హైదరాబాదే పెద్ద కేంద్రం. 2015లో వాటిలో ఒకటైన నూజివీడు సీడ్స్‌కూ మోన్‌శాంటోకూ చెడి వ్యవహారం కోర్టుకెక్కింది. మరుసటి ఏడాది కేంద్రం రుసుమును సుమారు 70 శాతం కోసింది. పోరు రైతు పేరుతోనే సాగింది, కానీ మిగులు ఎవరి ఖాతాలో పడుతుందన్నది దేశీ, విదేశీ పెట్టుబడుల నడుమ పంచాయితీ కూడా.

ఇంతకీ ఆ గింజ పుట్టేది ఎక్కడ? అందులో పెద్ద వాటా పాత మహబూబ్‌నగర్ జిల్లా నడిగడ్డలో, గద్వాల చుట్టూ. అక్కడ సాయంత్రం ఆడ మొక్క మొగ్గ రేకులు విప్పి లోపలి కేసరాలు గిల్లేస్తారు. మర్నాడు పొద్దున్నే మగ పువ్వు తెచ్చి దాని మీద రుద్దుతారు. ఒక్కో మొగ్గకూ ఇదే వరస, నెలల తరబడి. క్రాసింగ్ అంటారు. ఇరవై ఏళ్ల కిందట ఈ పనిలో బడి ఈడు ఆడపిల్లలు చాలామంది కనిపించేవారు. కంపెనీ రైతుతో నేరుగా కాకుండా ఆర్గనైజర్ ద్వారా మాట్లాడుకుంటుంది, పెట్టుబడి అప్పూ ఆయనే ఇస్తాడు. జన్యు స్వచ్ఛత పరీక్షలో విత్తనం తప్పితే నష్టం రైతు మీదే పడుతుంది.

విత్తువాడూ చేనువాడూ ఇద్దరే ఉన్న మనువు తర్కంలో మొగ్గ గిల్లే ఈ కూలీకి వాటా లేదు. కమిషన్ ముందుకు వెళ్లిన తగవూ రుసుము గురించే, గద్వాల కూలి రేటు గురించి కాదు.