భయం ఈమాన్ బలహీనతా?

2024 ఆగస్టు 21న, మధ్యాహ్న భోజన వేళ, అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా మందుల కర్మాగారంలో పేలుడు జరిగింది. 17 మంది మరణించారు. రెండు నెలల తర్వాత, ఆ చుట్టుపక్కల మరో కర్మాగారంలో పనిచేసే ఒక యువకుడు జుమా నమాజు అయ్యాక మా దగ్గరకు వచ్చి మెల్లగా అడిగాడు: "మౌలానా! తలుపు దభాలున పడితే చాలు, గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి. నా ఈమాన్ బలహీనపడిందంటారా?"

మేము తొందరపడ్డాం. అల్లాహ్‌పై తవక్కుల్ ఉన్నవాడికి భయమేమిటి, జిక్ర్ పెంచు అని చెప్పి పంపేశాం. అతను తలవంచుకుని వెళ్లిపోయాడు. అతను అడిగింది ధర్మసందేహం. మేము ఇచ్చింది మందలింపు.

ఇంతకూ ఆ వణుకు ఏమిటి? ప్రమాదం ముంచుకొచ్చిందని మెదడు పసిగట్టగానే నరాల ద్వారా కబురు వెళుతుంది. మూత్రపిండాలపై టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, నోరు ఎండిపోతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది. కాలేయం దాచిన చక్కెర కండరాలకు అందుతుంది. గాయమైతే ప్రాణం నిలవాలని రక్తానికి గడ్డకట్టే గుణం కూడా హెచ్చుతుంది. పోరాడటానికో, పారిపోవడానికో శరీరం చేసుకునే ఈ ఆయత్తాన్ని అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే వివరించారు. ఇదంతా మన అనుమతి కోసం ఆగదు. మన చేతిలో లేనిదానికి మనల్ని దోషులను చేసేదెవరు?

చేతికర్ర పాములా కదలడం చూసి హజ్రత్ మూసా (అలైహిస్సలాం) వెనుదిరిగి పరుగెత్తారని దివ్య ఖుర్ఆన్ తెలుపుతోంది. ఆయన ప్రవక్త కాకుండా పోయారా? ఒక రాత్రి పెద్ద శబ్దం విని మదీనా వాసులు హడలిపోయారు. అందరికంటే ముందే దైవప్రవక్త (స) జీను లేని గుర్రంపై వెళ్లి చూసి వచ్చి, భయపడనక్కర లేదని ధైర్యం చెప్పారు. వారి ఈమాన్‌ను ఆయన శంకించలేదు. ఆ యువకుడికి జవాబిచ్చే ముందు ఈ హదీసు మాకు ఎందుకు గుర్తు రాలేదో!

భయం పాపం కాదు కదా అని దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. రక్తనాళాలు ముందే పూడుకుపోయినవారికి ఇదే ఏర్పాటు ముప్పు తెస్తుంది. 1994 జనవరి 17న అమెరికాలోని లాస్ ఏంజెలిస్ ప్రాంతంలో భూకంపం వచ్చిన రోజు, గుండె రక్తనాళాల జబ్బుతో ఆకస్మికంగా మరణించినవారు 24 మంది. అంతకుముందు వారంలో ఆ సంఖ్య రోజుకు సగటున ఐదుకు లోపే. కాబట్టి పెద్ద భయం తర్వాత ఛాతీలో నొప్పి వస్తే, దుఆ చేస్తూనే 108కి ఫోన్ చేయాలి. ఒంటెను కట్టేసి తవక్కుల్ చేయమన్న దైవప్రవక్త (స) ఉపదేశం ఇక్కడా వర్తిస్తుంది.

తర్వాతి ఆదివారం మేము ఆ యువకుడి ఇంటికి వెళ్లాం. ఆనాడు చెప్పింది పొరపాటని అతని అమ్మీ ఎదుటే ఒప్పుకున్నాం. నిద్ర పడుతోందా అని అడిగాం. ప్రమాదం జరిగిననాటి నుంచి సరిగా లేదన్నాడు. నెల దాటినా ఇలా ఉంటే వైద్యునికి చూపించుకోవాలని, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదని చెప్పాం. ఒంటరిగా వెళ్లడానికి వెనుకాడాడు. సోమవారం ఫజ్ర్ నమాజు చేసుకుని, ఇద్దరం కలిసి విశాఖ బస్సెక్కాం.